పాత బ్లాక్ పౌడర్ రైఫిల్‌కు ఇత్తడి కేసులు రీసైజ్ చేయడం ఎలా?

ఒకసారి పేల్చిన తూటా ఇత్తడి గొట్టాన్ని (కేసును) ఉక్కు అచ్చులోకి (డైలోకి) నొక్కి, మళ్లీ వాడే కొలతకు కుదించడమే రీసైజింగ్. పాత రైఫిళ్లు కాల్చేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: “డై కొత్తదే, కేసులూ మంచివే. అయినా నాలుగైదు సార్లు పేల్చేసరికి రిమ్ముకు (కేసు అడుగున బయటికి ఉండే అంచుకు) కాస్త పైన తెగిపోతున్నాయి. ఎక్కడ తప్పు జరుగుతోంది?” చాలాసార్లు తప్పు ఒక్కచోటే ఉంటుంది. కేసును డైలోకి చివరిదాకా నొక్కేస్తున్నారు.

స్నైడర్ (1866), మార్టినీ-హెన్రీ (1871), మౌజర్ 71, స్ప్రింగ్‌ఫీల్డ్ ట్రాప్‌డోర్ (1873), గ్రా (1874) లాంటి రైఫిళ్ల చాంబర్లు (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదులు) ఒకదానితో ఒకటి సరిగ్గా సరిపోలవు. మసి పేరుకున్నా తూటా లోపలికి దిగాలని అప్పట్లోనే వదులుగా చేశారు. ఆపైన ఏళ్ల తరబడి తుప్పు, అరుగుదల. ఇప్పటి డై మాత్రం ఒకే కొలతకు తయారవుతుంది, అదీ చాంబరు కంటే బాగా బిగువుగా. పేలినప్పుడు కేసు చాంబరు నిండా ఉబ్బుతుంది, మీరు డైలో దాన్ని మళ్లీ కుదిస్తారు, మళ్లీ పేలుస్తారు. ఇలా ఉబ్బి కుదిసి ఉబ్బి ఇత్తడి అలిసిపోతుంది.

ఈ తూటాలకు పెద్ద రిమ్ము ఉంటుంది. చాంబర్లో తూటా ఎంత లోతున ఆగాలో నిర్ణయించేది ఆ రిమ్మే, భుజం (మెడ కింద కేసు వెడల్పయ్యే చోటు) కాదు. కాబట్టి భుజాన్ని వెనక్కి నెట్టాల్సిన పని దాదాపు ఎప్పుడూ ఉండదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా పనంతా తేలికే: గుండును పట్టుకోవడానికి మూతి దగ్గర ఎంత కావాలో అంతే కుదించాలి, మిగతా కేసును మీ చాంబరు మలిచిన ఆకారంలోనే వదిలేయాలి.

మొదలుపెట్టే ముందు

రైఫిల్‌ను తుపాకుల పని తెలిసిన మెకానిక్ చేత పరీక్ష చేయించండి. లాకింగ్ వదులైన తుపాకికి ఎంత మంచి కేసు చేసినా ప్రమాదమే. తూటాలు సొంతంగా తయారు చేసుకోవడానికి మీరున్న చోట చట్టం, మీ లైసెన్సు ఒప్పుకుంటాయో లేదో ముందే చూసుకోండి.

ఇక్కడ చెప్పే ప్రతి పనీ ప్రైమర్ (కేసు అడుగున ఉండి పౌడర్‌ను అంటించే చిన్న టోపీ) తీసేసిన ఖాళీ కేసుతోనే. ప్రైమర్ ఉన్న కేసును మంట దగ్గరికి తేకూడదు, ప్రెస్సులో నొక్కకూడదు, చాంబర్లో పెట్టి చూడకూడదు.

రైఫిల్‌తో పాటు దొరికిన నూరేళ్ల నాటి అసలు కేసుల్ని వాడకండి. వాటిలో చాలావాటి అడుగు లోపల బోలుగా, పలచగా ఉంటుంది. ఆ కాలపు ప్రైమర్లలోని పాదరసం ఇత్తడిని పెళుసుగా మార్చేస్తుంది. పైకి మెరుస్తూ కనబడినా అవి సేకరణలో దాచుకోవాల్సినవే. ఇక ఈ తుపాకుల్లో స్మోక్‌లెస్ పౌడర్ (ఇప్పటి తూటాల్లో వాడే, ఎక్కువ ఒత్తిడి పుట్టించే మందు) ఎప్పుడూ వేయకూడదు, “కొంచెమే” అన్నా సరే.

కావలసినవి

- మీ రైఫిల్‌లోనే ఒకసారి పేల్చిన, ఇప్పటి తయారీ ఇత్తడి కేసులు. 10 మీద నేర్చుకోండి, 50 మీద ప్రయోగాలు చేయకండి.
- 0.01 మిల్లీమీటరు చూపించే డిజిటల్ వెర్నియర్ క్యాలిపర్.
- గట్టి సింగిల్ స్టేజ్ ప్రెస్సు (ఒకసారికి ఒకే డై పట్టేది), కేసుకు సరిపోయే షెల్ హోల్డర్ (రిమ్మును పట్టి ఉంచేది), సైజింగ్ డై. మామూలు డైల మర 7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు. .577/450 (మార్టినీ-హెన్రీ తూటా) లాంటి లావు కేసుల డైలు కొన్ని 1¼ అంగుళం మరతో వస్తాయి. ప్రెస్సు కొనేముందే ఇది చూసుకోవాలి.
- మీ గుండుకు తగిన ఎక్స్‌పాండర్ ప్లగ్ (కేసు మూతిని లోపలి నుంచి తెరిచే కడ్డీ). డైతో వచ్చేది చాలాసార్లు పనికిరాదు, ఎందుకో కింద చెబుతాను.
- డీక్యాపింగ్ పిన్ను (పేలిన ప్రైమర్‌ను తోసేది), కేస్ ట్రిమ్మర్ (కేసు పొడవు కోసేది), మూతి అంచు గీకే పరికరం.
- సైజింగ్ వ్యాక్స్ లేదా లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు).
- ప్రొపేన్ టార్చి, 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగే టెంపరేచర్ పెయింట్, ఒక పళ్లెం, నీళ్లు.
- నల్ల మార్కర్, సన్నటి ఉక్కు తీగ, కొవ్వొత్తి.

1. చాంబరు కొలత తెలుసుకోండి

పేల్చిన కేసే మీ చాంబరుకు అచ్చు. అది చాంబరు కంటే సుమారు 0.02–0.03 మిల్లీమీటర్లు చిన్నదిగా ఉంటుంది, ఇత్తడి కొద్దిగా వెనక్కి ముడుచుకుంటుంది కనుక. మూతి బయటి కొలత, లోపలి కొలత, రిమ్ముకు కాస్త పైన కొలత రాసి పెట్టుకోండి. మూతిని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి. రెండూ 0.1 మిల్లీమీటరు తేడాగా ఉంటే చాంబరు కోడిగుడ్డు ఆకారంలో అరిగిందన్నమాట. పాత తుపాకుల్లో ఇది మామూలే.

పేల్చిన కేసే లేకపోతే సెర్రోసేఫ్‌తో అచ్చు తీయాలి. అది 70–88 డిగ్రీల మధ్య కరిగే మిశ్రమ లోహం. బ్యారెల్‌ను మూతి కిందికి ఉండేలా నిలబెట్టి, చాంబరు ముగిశాక ఒకటి రెండు సెంటీమీటర్ల అవతల గుడ్డతో గట్టిగా బిరడా కొట్టండి. చాంబరు శుభ్రంగా ఉండాలి, నూనె పేరుకు మాత్రమే ఉండాలి. లోహాన్ని పోసి గట్టిపడగానే, అరగంటలోపు బయటికి తీసేయండి. మొదట్లో అది కొద్దిగా కుంచించుకుపోతుంది, తర్వాత నెమ్మదిగా ఉబ్బుతుంది. పోసిన గంట తర్వాత దాని కొలత చాంబరు అసలు కొలతకు సమానం. మర్నాటికి వాయిదా వేస్తే ఎక్కువ చూపిస్తుంది. ఇందులో సీసం, కాడ్మియం ఉంటాయి. వంటపాత్రలో కరిగించకండి, గాలి ఆడే చోట చేయండి, అవసరానికి మించి వేడి చేయకండి.

ఇప్పుడు మీరు వాడబోయే గుండును పేల్చిన కేసు మూతిలో పెట్టి చూడండి. వేలితో నెడితే జారిపోయిందా, మంచిది. అసలు పట్టకపోతే ఆగండి. అలాంటి గుండుతో చేసిన తూటా చాంబర్లో దిగినా, పేలేటప్పుడు మెడ ఉబ్బి గుండును వదలడానికి చోటుండదు. ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. గుండు పట్టకపోవడానికి కారణం కేసు గోడ మందం ఎక్కువ కావడమో, గుండు లావు కావడమో.

2. ప్రైమర్ తీసి, అదే రోజు కడగండి

బ్లాక్ పౌడర్ మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఒకటి రెండు రోజులు వదిలేస్తే ఇత్తడి మీద పచ్చటి మచ్చలు, ఆ తర్వాత గుంటలు పడతాయి. పైగా ఆ గట్టి మసి రేణువులు డైలోకి వెళ్తే డై లోపలి గోడకు గీతలు పడతాయి. ఒకసారి పడిన గీత ఆ తర్వాత ప్రతి కేసు మీదా కనబడుతుంది.

పేల్చిన చోటే ప్రైమర్లు తీసి, కేసుల్ని సబ్బు చుక్కలు వేసిన నీళ్ల డబ్బాలో పడేయండి. ఇంటికొచ్చాక వేడి నీళ్లతో సీసాలు తోమే బ్రష్షు పెట్టి లోపల తోమండి. మొండి మరకలుంటే లీటరు నీటికి ఒక చెంచా నిమ్మ ఉప్పు కలిపి 5–10 నిమిషాలు నానబెట్టండి, ఎక్కువసేపు వద్దు. ఇత్తడి గులాబీ రంగుకు తిరిగితే మితి మీరినట్టే. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు కడిగి పూర్తిగా ఆరబెట్టండి.

అమోనియా ఉన్న పాలిష్‌లు, క్లీనర్లు మాత్రం వాడొద్దు. ఒత్తిడిలో ఉన్న ఇత్తడిని అమోనియా పగలగొడుతుంది. బ్రిటిష్ సైన్యం భారతదేశంలో వానాకాలం తూటాల్ని గుర్రపుశాలల్లో దాచినప్పుడు గుర్రాల మూత్రం నుంచి వచ్చిన అమోనియాకు కేసులు పగిలిపోయాయి. కారణం అమోనియా అని 1921లో తేలింది.

3. ఒక్కొక్కటీ పరీక్షించండి

ఉక్కు తీగ కొనను కొక్కెంలా వంచి, కేసు లోపల అడుగు నుంచి పైకి గోడ వెంట లాగండి. రిమ్ముకు 5–10 మిల్లీమీటర్ల పైన ఎక్కడైనా గాడిలా తగిలితే గోడ లోపల పలచబడింది. బయట అదే చోట మెరిసే వలయం కనబడవచ్చు, కనబడకపోనూ వచ్చు. అందుకే తీగ తప్పనిసరి. అలాంటి కేసును ప్లయర్‌తో నలిపి పారేయండి, లేకపోతే తిరిగి గుంపులో కలిసిపోతుంది. మూతి దగ్గర వెంట్రుకవాసి చీలిక ఉన్నా అంతే.

4. మెడను కాల్చి మెత్తబరచండి (అనీలింగ్)

సైజింగ్ తర్వాత కాదు, ముందే చేయాలి. గట్టిపడ్డ మూతి డైలోంచి బయటికి రాగానే వెనక్కి తెరుచుకుంటుంది. మెత్తటిది ఇచ్చిన కొలతలో నిలుస్తుంది. ఇంకో లాభం ఉంది. బ్లాక్ పౌడర్ ఒత్తిడి తక్కువ, గట్టి మెడ ఉబ్బి చాంబరును మూయలేదు. కేసు బయట పొడుగునా నల్ల మసి చారలు వస్తున్నాయంటే, మెడ గట్టిపడిందని మొదట అనుమానించండి.

- పళ్లెంలో నీళ్లు పోసి కేసుల్ని నిలబెట్టండి. నీరు కేసు ఎత్తులో సగం దాకా ఉండాలి. అడుగు ఎప్పటికీ వేడెక్కకూడదు. అడుగు మెత్తబడిన కేసు పేలేటప్పుడు చిరిగి, వాయువులు మీ ముఖం వైపు వస్తాయి.
- గదిలో వెలుతురు తగ్గించండి. మొదటి రెండు మూడు కేసుల మూతి లోపల టెంపరేచర్ పెయింట్ పూయండి.
- నీలి మంట కొనను మెడ మీద చుట్టూ తిప్పండి. పెయింట్ కరగగానే మంట తీసి, కేసును నీళ్లలోకి పడగొట్టండి. చాలా కేసులకు 6–10 సెకన్లు పడుతుంది. మీ టార్చికి ఎంతో లెక్క పెట్టుకుని మిగతావాటికీ అంతే పట్టండి.
- మూతి ఎర్రగా మెరిసిందా, ఎక్కువైంది. దాన్ని వేరే పెట్టండి.

నీళ్లలో ముంచడం వల్ల ఇత్తడి మెత్తబడుతుందని కొందరు అనుకుంటారు. మెత్తబరిచేది వేడి, నీళ్లు ఆ వేడిని అడుగుకు పాకనివ్వకుండా ఆపుతాయి, అంతే.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి ఒక పాడైన కేసును కూడా వాటితో పాటే కాల్చి, మూతిని ప్లయర్‌తో కొద్దిగా నొక్కి వదలండి. కొంత వెనక్కి వస్తే సరైన మెత్తదనం. నొక్కినచోటే అణిగిపోతే అతిగా మెత్తబడింది. పూర్తిగా వెనక్కి ఎగిరితే ఇంకా గట్టిగానే ఉంది.

5. కందెన పూయండి, పలచగా

వేలి కొసకు కొంచెం వ్యాక్స్ అంటించి కేసు ఒంటి మీద రుద్దండి. తాకితే జిడ్డు తెలియాలి, కంటికి పొర కనబడకూడదు. మెడ లోపల చిన్న బ్రష్షుతో ఒక్కసారి తిప్పితే చాలు.

మార్టినీ-హెన్రీ లాంటి భుజం ఉన్న కేసులకు భుజం మీద కందెన పూయకండి. డైలో ఆ జిడ్డుకు పోయే దారి ఉండదు, భుజం మీద సొట్ట పడుతుంది. చిన్న సొట్టలు పేల్చినప్పుడు సర్దుకుంటాయి. పెద్ద సొట్ట మడతగా మారితే ఆ కేసు పనైపోయినట్టే.

6. డైని అమర్చండి

పని అంతటికీ ముఖ్యమైన అడుగు ఇదే, ఇక్కడ తొందర వద్దు. డైతో వచ్చే కాగితం “షెల్ హోల్డర్‌కు తగిలేదాకా తిప్పి, ఇంకో పావు చుట్టు బిగించండి” అంటుంది. ఈ రైఫిళ్లకు అలా చేయొద్దు.

1. ప్రెస్సు లీవర్ పూర్తిగా దించి, డై అడుగుకూ షెల్ హోల్డర్‌కూ మధ్య చాలా ఎడం ఉంచండి. కేసు మూతి మాత్రమే డైలోకి వెళ్లాలి.
2. కేసు మెడను మార్కర్‌తో నల్లగా పూసి (కొవ్వొత్తి మసి అయినా సరే) ఒకసారి నొక్కి తీయండి. రంగు ఎక్కడిదాకా చెరిగిందో అక్కడిదాకానే డై పనిచేసింది.
3. గుండు కేసులో ఎంత లోతు కూర్చుంటుందో అంత మేర రంగు చెరగాలి. గుండు 12 మిల్లీమీటర్లు లోపలికి వెళ్తే 12 మిల్లీమీటర్లే. తక్కువైతే డైని ఎనిమిదో వంతు చుట్టు కిందికి తిప్పి మళ్లీ చూడండి. 14 మరల డైలో పూర్తి చుట్టు 1.81 మిల్లీమీటర్లు, ఎనిమిదో వంతు దాదాపు 0.23.
4. జిడ్డు తుడిచి, కేసును రైఫిల్ చాంబర్లో పెట్టండి. బొటనవేలితో తేలిగ్గా దిగాలి, బ్రీచ్ (చాంబరును వెనక నుంచి మూసే భాగం) బలవంతం లేకుండా మూసుకోవాలి.
5. ఇరుక్కుంటే మళ్లీ రంగు పూసి చాంబర్లో నెట్టి తీయండి. రంగు చెరిగిన చోటే అడ్డు. అక్కడిదాకా డై చేరేలా మరో ఎనిమిదో వంతు దించండి. కేసు దిగిన క్షణాన ఆపేసి లాక్ రింగు (డైని కదలకుండా పట్టేది) బిగించండి.

చాంబరు కోడిగుడ్డు ఆకారంలో ఉంటే చక్కటి ఉపాయం ఒకటుంది. రిమ్ము అంచున ఆకురాయితో చిన్న గంటు పెట్టి, ప్రతిసారీ ఆ గంటు పైకి వచ్చేలా తూటా పెట్టండి. కేసు ప్రతిసారీ చాంబరు ఆకారానికి సరిపోయేలా కూర్చుంటుంది, ఒంటిని డైతో ముట్టుకోవాల్సిన అవసరమే రాదు. గంటు లోతుగా వద్దు, కనబడితే చాలు.

నొక్కేటప్పుడు చెయ్యి చెప్పేది వినండి. బిగువు ఒక్కసారిగా పెరిగితే ఆపి, వెనక్కి తీసి, కందెన చూసి, కేసును సగం తిప్పి మళ్లీ నొక్కండి. 24 గేజ్ ఇత్తడి షాట్‌గన్ కేసుల నుంచి .577/450 తయారు చేసేవాళ్లు ఒకే డైతో ఒకే ఊపులో చేయబోయి కేసు నడుము మడత పెట్టేస్తారు. దానికి రెండు మూడు దశల ఫార్మింగ్ డైలు కావాలి, దశల మధ్య మెడను మళ్లీ కాల్చాలి.

7. మూతిని గుండుకు తగ్గట్టు తెరవండి

ఎక్స్‌పాండర్ ప్లగ్ వ్యాసం గుండు వ్యాసం కంటే 0.025 నుంచి 0.05 మిల్లీమీటర్లు మాత్రమే తక్కువ ఉండాలి. .45-70 (ట్రాప్‌డోర్ తూటా) డైలతో వచ్చే ప్లగ్గు సాధారణంగా .458 అంగుళాల గుండును దృష్టిలో పెట్టుకుని చేసింది. మీ పాత బ్యారెల్‌కు .460 లేదా .462 మెత్తటి సీసపు గుండు కావాల్సి వస్తే, బిగువు మెడలోకి దూరేటప్పుడే గుండు సన్నబడుతుంది. బయటికి తీసి కొలిస్తే .458 అయి ఉంటుంది! గురి కుదరక రైఫిల్‌ను తిట్టుకునేవాళ్లలో చాలామంది ఇబ్బంది ఇదే. లేత్ యంత్రం మీద సరైన కొలతకు ప్లగ్గు తిప్పించుకోండి.

మూతి అంచును గంటలా తెరవడం గుండు అడుగు సీసం చెక్కుకుపోకుండా దిగేంత మాత్రమే. ఎక్కువ తెరిస్తే ప్రతిసారీ అక్కడే చీలిక మొదలవుతుంది. కాగితం చుట్టిన గుండ్లు వాడేవాళ్లు ఈ తెరవడం వీలైనంత తగ్గించాలి, మూతి లోపలి అంచు మాత్రం నున్నగా ఉండాలి; లేకపోతే కాగితం చిరుగుతుంది.

8. పొడవు సమం చేయండి

సైజింగ్ తర్వాతే కొలవాలి. .45-70 కేసుకు గరిష్ఠ పొడవు 2.105 అంగుళాలు, అంటే 53.47 మిల్లీమీటర్లు. మీకు కావాల్సింది మాత్రం మీ చాంబరు పొడవు కంటే సుమారు 0.25 మిల్లీమీటర్లు తక్కువ. కేసు మరీ పొడవైతే మూతి చాంబరు చివర ఇరుక్కుని గుండును నొక్కి పట్టుకుంటుంది, ఒత్తిడి పెరుగుతుంది. మరీ పొట్టిదైతే మూతి ముందున్న ఖాళీలో మసి, సీసం వలయంలా పేరుకుని పది పన్నెండు తూటాల తర్వాత కొత్త తూటా దిగదు. కోశాక లోపలా బయటా అంచు గీకండి, కత్తిలా పదును చేయకండి.

9. చివరి పరీక్ష

కందెనను వేడి సబ్బు నీళ్లతో పూర్తిగా కడిగేయండి. జిడ్డు ఉన్న కేసు చాంబరు గోడను పట్టుకోదు, ఆ తోపు అంతా బ్రీచ్ మీద పడుతుంది. లోపల మిగిలిన జిడ్డు మందును, ప్రైమర్‌ను పాడు చేస్తుంది.

మందూ ప్రైమరూ లేకుండా ఒక కేసులో గుండు కూర్చోబెట్టి డమ్మీ చేసి మూడు చూడండి:

- గుండు ఉన్న చోట మెడ బయటి వ్యాసం చాంబరు మెడ కంటే కనీసం 0.05 మిల్లీమీటర్లు తక్కువ ఉందా?
- డమ్మీ చాంబర్లో దిగి, బ్రీచ్ తేలిగ్గా మూసుకుని, ఎక్స్‌ట్రాక్టర్‌తో (కేసును బయటికి లాగే కొక్కెంతో) గుండు ఊడకుండా బయటికి వచ్చిందా?
- గుండును తీసి కొలిస్తే మొదటి వ్యాసమే ఉందా?

మూడింటికీ అవునని వస్తేనే మిగతా కేసులు మొదలుపెట్టండి.

తరచూ ఎదురయ్యే చిక్కులు

*మూతి చీలుతోంది.* అనీలింగ్ వాయిదా పడింది, లేదా గంటలా ఎక్కువ తెరుస్తున్నారు. ఒకే గుంపులో మూడు నాలుగు చీలితే మిగతావన్నీ వెంటనే కాల్చి మెత్తబరచండి.

*భుజం కింద ఉబ్బు, కేసు దిగడం లేదు.* ఎక్స్‌పాండర్‌ను లేదా గుండును బలంగా తోసినప్పుడు మెత్తటి భుజం కుంగింది. మెడ లోపల కందెన వేయండి, తోపు తగ్గించండి.

*రిమ్ముపైన తెగుతోంది.* 6వ అడుగుకు తిరిగి వెళ్లండి. డై ఇంకా లోతుగా ఉంది. అది సరిచేసినా ఆగకపోతే రిమ్ము మందం చూడండి; .45-70కి ఇది 0.070 అంగుళాల దగ్గర ఉంటుంది. రిమ్ము పలచనైతే కేసు చాంబర్లో ముందుకూ వెనక్కూ ఆడుతుంది. రిమ్ము సరిగానే ఉంటే లోపం రైఫిల్ బ్రీచ్‌లో ఉండవచ్చు, కాల్చడం ఆపి మెకానిక్‌కు చూపించండి.

*కేసు డైలో ఇరుక్కుపోయింది, రిమ్ము ఊడివచ్చింది.* కందెన చాలలేదు. సుత్తితో కొట్టకండి. డీక్యాపింగ్ కడ్డీని వీలైనంత పైకి విప్పి, ప్రైమర్ రంధ్రంలోంచి 5.1 మిల్లీమీటర్ల డ్రిల్లు దింపి, ¼ అంగుళం–20 ట్యాప్‌తో మర కోయండి. కేసు కంటే వెడల్పైన గొట్టం ముక్కను డై మీద ఆనించి, పైన వాషర్ వేసి, బోల్టు బిగిస్తూ పోతే కేసు దానంతట అదే పైకి వస్తుంది. రాకపోతే డైని ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి మళ్లీ బిగించండి. చలికి ఇత్తడి ఉక్కు కంటే ఎక్కువ ముడుచుకుంటుంది. కేసు వచ్చాక డై లోపల వేలితో తడిమి, ఇత్తడి అంటుకుని ఉంటే పూర్తిగా తీసేసిన తర్వాతే మరో కేసు పెట్టండి.